స్పాన్సర్‌షిప్ ఫైల్ వేశాం కదా అని విజిటర్ స్టేటస్ గాలికి వదలకండి: కెనడాలో కన్సల్టెంట్‌ని నమ్మి మేం పడ్డ పాట్లు

విజిటర్ వీసా మీద కెనడా వచ్చి, ఇక్కడి నుంచే స్పౌస్ స్పాన్సర్‌షిప్ (ఇక్కడున్న భర్తో భార్యో మనకి పీఆర్, అంటే శాశ్వత నివాసం, ఇవ్వమని వేసే ఫైల్) వేయించుకుందామని కన్సల్టెంట్‌ని వెతుకుతున్న వాళ్ళు ఇది ఒక్కసారి చదవండి. "మన తెలుగాయనే, తక్కువలో చేసిపెడతాడు" అని ఎవరైనా నంబర్ ఇచ్చి ఉంటే మరీ శ్రద్ధగా చదవండి. మాకూ అలాగే ఇచ్చారు. ఆయన ఫీజు 2,600 డాలర్లు, అందులో 1,100 చేతికి క్యాష్. అంత పోసి చివరికి ఇక్కడ చట్టబద్ధంగా ఉండే నా స్టేటస్ పోగొట్టుకున్నాను. కంప్లయింట్ నడుస్తోంది కాబట్టి పేరు రాయడం లేదు. పేరు కన్నా ఆయన పని చేసే పద్ధతి తెలిస్తేనే మీకు ఎక్కువ పనికొస్తుంది, ఎందుకంటే ఈ ఊళ్ళో అలాంటి వాళ్ళు ఆయన ఒక్కడే కాదు.

మాది రాజమండ్రి. మా ఆయన బ్రాంప్టన్‌లో ఉంటారు, పీఆర్. నేను 2024 జూన్ 12న టొరంటోలో దిగాను. ఇమ్మిగ్రేషన్ కౌంటర్లో ఆఫీసర్ రెండు ప్రశ్నలు అడిగి పంపేశాడు. పాస్‌పోర్టులో ఎన్నాళ్ళు ఉండొచ్చో తేదీ ఏమీ రాయలేదు. నా వీసా మీద మాత్రం 2031 దాకా అని ఉంది. దాన్ని చూసుకుని నేను నిశ్చింతగా ఉన్నాను.

అసలు తిరకాసు అక్కడే మొదలైంది. వీసా అంటే కెనడా గుమ్మం దాకా వచ్చి లోపలికి రానివ్వమని అడగడానికి ఇచ్చే కాగితం, అంతే. లోపల ఎన్నాళ్ళు ఉండొచ్చన్నది వేరే లెక్క. ఆఫీసర్ ప్రత్యేకంగా తేదీ ఏదీ వేయకపోతే మామూలుగా దిగిన రోజు నుంచి ఆరు నెలలు. అంటే నాకు డిసెంబర్ 12 దాకా. అమెరికాలో ఉన్న మన వాళ్ళకి ఐ-94 (ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే ఎంట్రీ రికార్డు) అలవాటు, అందులో తేదీ చూసుకుంటారు. ఇక్కడ మామూలుగా అలా ఎవరూ తేదీ రాసి చేతిలో పెట్టరు, మన లెక్క మనమే వేసుకోవాలి. దానికి తోడు మా ఆడపడుచు అత్తగారు సూపర్ వీసా మీద వచ్చి ఉన్నారు. "ఆవిడ ఐదేళ్ళు ఉండొచ్చట, నీకెందుకు కంగారు" అని ఇంట్లో ఒకటే భరోసా. సూపర్ వీసా తల్లిదండ్రులకీ, తాతామామ్మలకీ ఇచ్చేది. మామూలు విజిటర్‌కి ఆ లెక్క వర్తించదు.

ఆగస్టులో గుళ్ళో పరిచయమైన ఒకాయన ఈ కన్సల్టెంట్ నంబర్ ఇచ్చారు. మాట చాలా తియ్యన. మొదటి ఫోన్‌లోనే "చెల్లెమ్మా, నువ్వు నిశ్చింతగా ఉండు, మా బావగారి చేత రెండు సంతకాలు పెట్టించు చాలు" అన్నాడు. ప్లాజాలో ఆఫీసు ఉంది, గోడ మీద కెనడా జెండా ఉంది, కార్డు మీద లైసెన్స్ నంబరు ఉంది. ఇంకేం కావాలి అనుకున్నాం. ఆ నంబరు ఎవరిదో చూసుకోవాలన్న ఆలోచన మా ఇద్దరికీ రాలేదు. ఇద్దరం ఇంజనీరింగ్ చదివిన వాళ్ళమే, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది.

సెప్టెంబర్లో స్పాన్సర్‌షిప్ ఫైల్ వేశాడు. ఆ మాటకొస్తే అది నిజంగానే వేశాడు. ప్రభుత్వానికి కట్టాల్సిన 1,205 డాలర్లు, బయోమెట్రిక్స్‌కి (వేలిముద్రలు, ఫోటో) 85, అన్నీ మా కార్డు మీదే కట్టాం. అక్టోబర్లో ఫైల్ అందినట్టు ఉత్తరం కూడా వచ్చింది. అయితే అది వచ్చింది మాకు కాదు, ఆయన ఈమెయిల్‌కి. నా పేరు మీద అకౌంట్ తెరిచి, ఈమెయిల్ తనది, పాస్‌వర్డ్ తనది పెట్టుకున్నాడు. అడిగితే "మీకెందుకమ్మా ఆ టెన్షన్, అన్నీ నేను చూసుకుంటా కదా" అన్నాడు.

నవంబర్లో మా ఆయనకే అనుమానం వచ్చి, ఆరు నెలలు అయిపోతున్నాయి, ఎక్స్‌టెన్షన్ వేయాలా అని అడిగారు. ముందు "స్పాన్సర్‌షిప్ పెండింగ్‌లో ఉంటే ఎక్స్‌టెన్షన్ అక్కర్లేదు" అన్నాడు. మేం వదలకపోయేసరికి "సరే, మీ తృప్తి కోసం వేస్తా, 250 అవుతుంది" అన్నాడు. పంపాం. వారం తర్వాత వాట్సాప్‌లో రసీదు ఫోటో పెట్టాడు. కింద "డన్" అని, ఒక దండం బొమ్మ.

ఇక మేం ఆ సంగతే మర్చిపోయాం.

2025 ఫిబ్రవరి 3. ఓపెన్ వర్క్ పర్మిట్ (ఏ కంపెనీలోనైనా పని చేసుకోనిచ్చే అనుమతి) వేసుకోవచ్చని ఒక స్నేహితురాలు చెబితే, మిస్సిసాగాలో ఒక లాయర్ దగ్గరికి వెళ్ళాం. ఎందుకో ఈసారి ఈయన దగ్గరికి వెళ్ళబుద్ధి కాలేదు. లాయర్ ఆవిడ మొదట అడిగింది ఒక్కటే: "విజిటర్ ఎక్స్‌టెన్షన్ సబ్‌మిట్ చేసినట్టు కన్ఫర్మేషన్ లెటర్ ఏది?" నేను ఫోన్ తీసి ఆ రసీదు ఫోటో చూపించాను. ఆవిడ రెండు వేళ్ళతో ఫోటో పెద్దది చేసి, ఫోన్ నా వైపు తిప్పి ఒక అంకె మీద వేలు పెట్టింది. 85 డాలర్లు. విజిటర్ ఎక్స్‌టెన్షన్ ఫీజు 100. 85 అంటే బయోమెట్రిక్స్. మేం సెప్టెంబర్లో మా కార్డుతో కట్టిన డబ్బుల రసీదునే, పైన తేదీ ఉన్న భాగం కత్తిరించి, నవంబర్లో మాకే మళ్ళీ పంపాడు. రెండు నెలలు ఆ ఫోటో నా ఫోన్‌లోనే ఉంది. ఒక్కసారి కూడా అంకె చూసుకోలేదు.

ఎక్స్‌టెన్షన్ అసలు వేయనే లేదు. డిసెంబర్ 12తో నా స్టేటస్ అయిపోయింది. అప్పటికి 53 రోజులుగా నేను స్టేటస్ లేకుండా ఉంటున్నాను.

ఇక్కడ మనలో చాలామందికి ఉన్న అపోహ గురించి చెప్పాలి. స్పాన్సర్‌షిప్ ఫైల్ వేసినంత మాత్రాన ఇక్కడ ఉండే హక్కు రాదు. ఆ ఫైల్ వేరు, విజిటర్‌గా ఉండే గడువు వేరు. గడువు ముగిసే లోపే ఎక్స్‌టెన్షన్‌కి అప్లై చేస్తే, నిర్ణయం వచ్చేదాకా పాత షరతుల మీదే ఇక్కడ చట్టబద్ధంగా ఉండొచ్చు. దాన్ని మెయింటెయిన్డ్ స్టేటస్ అంటారు. కనీసం 30 రోజుల ముందు వేయమని ఇమ్మిగ్రేషన్ వాళ్ళే చెబుతారు. గడువు దాటిందంటే ఆ రక్షణ లేదు. అప్పుడు మిగిలేది రెస్టొరేషన్ (పోయిన స్టేటస్ తిరిగి ఇవ్వమని అడగడం), అదీ స్టేటస్ పోయిన రోజు నుంచి 90 రోజుల్లోపే. నా లెక్క ప్రకారం మార్చి 12 దాకా. మేం లాయర్ గదిలో కూర్చున్న రోజుకి ఇంకా 37 రోజులు ఉన్నాయి. ఏప్రిల్లో వెళ్ళి ఉంటే ఆ దారీ ఉండేది కాదు.

కన్సల్టెంట్‌కి ఫోన్ చేస్తే ముందు ఎత్తలేదు. తర్వాత ఎత్తి, "స్పౌస్ ఫైల్‌కి స్టేటస్ లేకపోయినా పర్లేదు, రూల్ ఉంది, గూగుల్ చేసుకోండి" అన్నాడు. ఇందులో సగం నిజం ఉంది, అందుకే జనం పడిపోతారు. ఇక్కడి నుంచి వేసే స్పౌస్ ఫైల్స్‌కి 2005 నుంచి ఒక పబ్లిక్ పాలసీ ఉంది. ఉండాల్సిన గడువు దాటి ఉండిపోయారన్న ఒక్క కారణంతో ఫైల్ తిరస్కరించరు. మిగతా సగం ఆయన చెప్పలేదు. ఫైల్ నిలబడుతుందే గాని మనిషికి స్టేటస్ వచ్చేయదు. పంపించేసే ఆర్డర్ వచ్చే ప్రమాదం ఉంటుంది. వర్క్ పర్మిట్‌కి చిక్కు. ఊళ్ళో ఏదైనా జరిగి వెళ్ళాల్సి వస్తే, మళ్ళీ రానిస్తారో లేదో బోర్డర్ ఆఫీసర్ దయ. ఇక్కడి నుంచి వేసే ఈ క్లాసులో (కేటగిరీలో) వేసిన ఫైల్‌కి దంపతులు ఇద్దరూ కెనడాలో కలిసి ఉండటమే ఆధారం కాబట్టి, నేను బయట ఇరుక్కుపోతే ఆ ఫైల్ మొదలే కదిలిపోతుంది. పైగా ఈ క్లాసులో రిజెక్ట్ అయితే, బయటి నుంచి వేసిన ఫైల్‌కి ఉన్నట్టు అప్పీల్ హక్కు కూడా లేదు. మార్చిలో మా చిన్నాన్న పోయారు. వెళ్ళలేకపోయాను. వీడియో కాల్‌లో చూశాను.

ఒక్క విషయంలో మాత్రం నా పిరికితనమే నన్ను కాపాడింది. డిసెంబర్లో ఆయనే "ఊరికే కూర్చోవడం దేనికి చెల్లెమ్మా, తెలిసిన గ్రోసరీ ఉంది, క్యాష్ ఇస్తారు" అన్నాడు. భయమేసి వెళ్ళలేదు. రెస్టొరేషన్ కావాలంటే గడువు దాటడం తప్ప మిగతా షరతులు మీరకుండా ఉండాలి. పర్మిట్ లేకుండా పని చేసి ఉంటే, నేను అప్లికేషన్‌లో ఏం రాయగలిగేదాన్ని?

లాయర్ ఫిబ్రవరి 11న రెస్టొరేషన్ వేశారు. ప్రభుత్వ ఫీజు 239 డాలర్ల చిల్లర. ఆవిడ ఫీజు వేరే. ఏం జరిగిందో తేదీలతో సహా ఉత్తరం రాయించారు, కన్సల్టెంట్ వాట్సాప్ మెసేజీలు జత చేశారు.

తర్వాత ఆవిడ స్పాన్సర్‌షిప్ ఫైల్ కాపీ కూడా తెప్పించమన్నారు. కన్సల్టెంట్ ఎలాగూ ఇవ్వడు. ప్రభుత్వం దగ్గరున్న మన ఫైల్ మనం అడిగి తెప్పించుకోవచ్చు, ఫీజు 5 డాలర్లు. తెప్పించి చూస్తే అసలు బాంబు అందులో ఉంది. నాకు 2018లో అమెరికా వీసా రిజెక్ట్ అయింది. మొదటి రోజే ఆయనకి చెప్పాను. ఫారంలో "ఏ దేశమైనా వీసా నిరాకరించిందా" అన్న చోట "లేదు" అని పెట్టాడు. కింద సంతకం నాది. ఖాళీ ఫారం ఆఖరి పేజీ మీద ఆయన పెట్టమన్న చోట పెట్టిన సంతకం. అబద్ధం చెప్పారని ఇమ్మిగ్రేషన్ వాళ్ళు తేలిస్తే ఐదేళ్ళ నిషేధం. ఆ పబ్లిక్ పాలసీ దీన్ని కాపాడదు. ఆ రాత్రి బేస్‌మెంట్‌లో వంటింటి బల్ల దగ్గర కూర్చుని అన్ని పేజీలూ ఒక్కొక్కటే చదివాం. ఇంకో రెండు తప్పులు దొరికాయి, ఒక అడ్రస్, ఒక ఉద్యోగం తేదీ. వాళ్ళు అడగకముందే మేమే వెబ్‌ఫారం ద్వారా అన్నీ సరిచేసి, ఈమెయిల్ అడ్రస్ కూడా మాది పెట్టించాం.

ఇప్పుడు ఆ లైసెన్స్ నంబరు సంగతి. కెనడాలో డబ్బు తీసుకుని ఇమ్మిగ్రేషన్ సలహా ఇవ్వాలంటే లాయర్ అయినా ఉండాలి, ఆర్‌సీఐసీ (రెగ్యులేటెడ్ కెనడియన్ ఇమ్మిగ్రేషన్ కన్సల్టెంట్) లైసెన్స్ ఉన్న కన్సల్టెంట్ అయినా ఉండాలి, ఒంటారియోలో లైసెన్స్ ఉన్న పారాలీగల్, క్యుబెక్‌లో నోటరీ కూడా పర్లేదు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని చేసే వాళ్ళకీ ఇదే రూలు. ఆర్‌సీఐసీలను నియంత్రించే సంస్థ, కాలేజీ ఆఫ్ ఇమ్మిగ్రేషన్ అండ్ సిటిజన్‌షిప్ కన్సల్టెంట్స్ వెబ్‌సైట్‌లో పబ్లిక్ రిజిస్టర్ ఉంది. పేరు కొట్టినా, నంబరు కొట్టినా రెండు నిమిషాల్లో తెలిసిపోతుంది. మేం కొడితే కార్డు మీది నంబరు వేరే ఊళ్ళో ఉన్న వేరే మనిషిది. మీరు చూసేటప్పుడు పేరు ఒక్కటే కాదు, లైసెన్స్ ఇప్పుడు చెల్లుబాటులో ఉందో లేదో చూడండి. రిజిస్టర్‌లో ఉన్న ఫోన్ నంబర్‌కే చేయండి, కార్డు మీది దానికి కాదు.

ఇంకో గుర్తు. నిజంగా లైసెన్స్ ఉన్న వాళ్ళు మీ తరఫున ఫైల్ వేస్తే, ప్రతినిధిగా తమ పేరు పెట్టి ఐఎమ్ఎమ్ 5476 ఫారం మీద సంతకం పెట్టిస్తారు. ఆయన అది పెట్టించలేదు. మా ఫైల్లో ఆయన పేరు ఎక్కడా లేదు. అంటే ప్రభుత్వం దృష్టిలో ఆ తప్పులన్నీ మేమే స్వయంగా చేశాం. "నా పేరు ఎందుకు, మీరే వేసుకున్నట్టు ఉంటే త్వరగా అవుతుంది" అన్నప్పుడే లేచి బయటికి రావాల్సింది.

ఎక్స్‌టెన్షన్ వేశామని ఎవరైనా అంటే ఫీజు రసీదు చూసి ఊరుకోకండి. సబ్‌మిషన్ కన్ఫర్మేషన్ లెటర్ అడగండి, అందులో "వి" అక్షరంతో మొదలయ్యే అప్లికేషన్ నంబర్ ఉంటుంది. నిజం చెప్పాలంటే విజిటర్ ఎక్స్‌టెన్షన్‌కి కన్సల్టెంట్ అక్కర్లేదు. పాస్‌పోర్టు, పెళ్ళి సర్టిఫికెట్, మా ఆయన పే స్టబ్స్, బ్యాంక్ స్టేట్‌మెంట్, స్పాన్సర్‌షిప్ ఫైల్ అందినట్టు ఉత్తరం, ఇంకా ఎందుకు ఉండాల్సి వస్తోందో ఒక పేజీ లెటర్. ఒక సాయంత్రం పని. పాస్‌పోర్టు గడువు కూడా చూసుకోండి, దాన్ని దాటి ఎక్స్‌టెన్షన్ ఇవ్వరు.

జూన్‌లో రెస్టొరేషన్ ఒప్పుకుని విజిటర్ రికార్డ్ (ఎప్పటిదాకా ఉండొచ్చో తేదీ రాసిచ్చే కాగితం) ఇచ్చారు. ఆ తర్వాతే ఓపెన్ వర్క్ పర్మిట్ వేశాం, 255 డాలర్లు. స్పాన్సర్‌షిప్ ఇంకా నడుస్తోంది. సరిచేసిన ఆ అమెరికా వీసా సంగతి మీద ఇమ్మిగ్రేషన్ వాళ్ళు ఇంతవరకు ఏమీ అడగలేదు. ఈమెయిల్ మోగిన ప్రతిసారీ గుండె జారుతుంది.

డబ్బులు వెనక్కి అడిగితే కన్సల్టెంట్ "ఫైల్ వేశాను కదా, పని అయిపోయింది" అన్నాడు. కాలేజీకి రాశాం, బోర్డర్ సర్వీసెస్ వాళ్ళ టిప్ లైన్‌కి చెప్పాం. క్యాష్ ఇచ్చిన 1,100కి మా దగ్గర ఏ కాగితమూ లేదు. ఈ-ట్రాన్స్‌ఫర్ చేసిన 1,500కీ, తర్వాతి 250కీ మాత్రం ఉంది, వాటికి స్మాల్ క్లెయిమ్స్ కోర్టులో వేశాం. పోయిన ఆదివారం గుళ్ళో ఒక కొత్త జంట ఆయన కార్డు చేతిలో పట్టుకుని కనిపించారు. ఆ అమ్మాయి వచ్చి నాలుగు నెలలట. పక్కకి పిలిచి, అక్కడే మెట్ల మీద కూర్చోబెట్టి, ఫోన్‌లో రిజిస్టర్ తెరిచి చూపించాను.