ఒంటెకు ఏ చోటు మేలు? థారా, గోబీనా, ఆస్ట్రేలియానా?

మొన్న ముసురు పట్టిన రోజు హన్మకొండలో మా గల్లీలోకి ఒక ఒంటె వచ్చింది, పిల్లల్ని ఎక్కించుకుని తిప్పేవాళ్లు తెచ్చింది. మొరం కొట్టుకుపోయి నల్లరేగడి తేలిన చోట దాని ముందు కాళ్లు రెండూ చెరో పక్కకు జారాయి, అలాగే కూలబడి చాలాసేపు లేవలేదు. ఇసుకలో దిగబడకుండా మెత్తగా, వెడల్పుగా ఉండే పాదం అది, బురదలో పట్టు దొరకదు. "నాన్నా, దీని ఊరు ఎక్కడ?" అని మా బిడ్డ అడిగింది. అప్పటి నుంచి నాకు అదే ఆలోచన.

ఇలాంటి ఒక్క మూపురం ఒంటెను మంగోలియా, చైనాల్లోని గోబీ ఎడారికి తీసుకుపోతే లాభం లేదు. అక్కడ చలికాలం మైనస్ 40 దాకా పడిపోతుంది. అది రెండు మూపురాల ఒంటెల చోటు, చలికి ఒత్తుగా ఉన్ని పెంచుకుని, ఎండలు రాగానే పేలికలు పేలికలుగా రాలుస్తాయి. వాటిలో అడవి జాతి ఉప్పునీళ్లు తాగి కూడా బతకగలదు, అయినా ఇప్పుడు వెయ్యి కూడా మిగల్లేదు. మనవాళ్లు రెండు మూపురాల వాటిని చూడాలంటే లడఖ్‌లోని నుబ్రా లోయకు పోవాలి.

ఆస్ట్రేలియాలో మేత, జాగా రెండూ ఉన్నాయి. బరువులు మోయడానికి 19వ శతాబ్దంలో మన దేశం వైపు నుంచే ఓడల్లో తీసుకుపోయారు, లారీలు వచ్చాక వదిలేశారు, అవి అడవిలో పెరిగి లక్షలయ్యాయి. ఇక 2009 నుంచి 2013 లోపు దాదాపు 1.6 లక్షల ఒంటెలను తగ్గించారు, ఎక్కువ భాగం కాల్చే. అందుకే నేను దాన్ని మేలు అనను.

నా ఓటు థార్‌కే. కారణం జమ్మి. దసరాకు మనం బంగారమని చేతుల్లో పెట్టుకునే ఆ జమ్మే అక్కడ ఖేజ్రీ, మనకూ రాజస్థాన్‌కూ అదే రాష్ట్ర వృక్షం. చీలిన పై పెదవితో ముళ్ల మధ్య నుంచి ఆకు దూసుకుని తింటుంది ఒంటె. అయితే జమ్మి మన దగ్గరా ఉంది కదా అంటారేమో, థార్‌లోని జైసల్మేర్‌లో ఏడాదికి దాదాపు 200 మిల్లీమీటర్ల వానే పడుతుంది, మన దగ్గర దానికి ఎన్నో రెట్లు. ఆ తడిలో జోరీగలు ముసురుతాయి, వాటి కాటుతో ఒంటెలకు సర్రా అనే రక్తపు రోగం వస్తుంది.

థార్‌లోనూ కష్టం లేదని కాదు. 2014లో రాజస్థాన్ ఒంటెను రాష్ట్ర జంతువును చేసింది, మరుసటి ఏడాది వధ నిషేధిస్తూ చట్టమూ తెచ్చింది. అయినా మన దేశంలో 2012లో 4 లక్షలున్న ఒంటెలు 2019 లెక్కల్లో రెండున్నర లక్షలకు పడిపోయాయి. ట్రాక్టర్లొచ్చి పని పోయింది, మేత బీళ్లు తగ్గాయి. ఆ బీళ్లు మిగిలితేనే ఆ ఒంటె కాపరి మన గల్లీల దాకా రావాల్సిన పని ఉండదు.

గల్లీలో సవారీకి ఇచ్చే డబ్బు పక్కన పెడుతున్నాం, ఒంటెను దాని ఊళ్లోనే చూడటానికి డిసెంబర్‌లో థార్‌లోని బికనీర్ రైలెక్కుతాం.