కేటాయింపు ఇంట్లో ఎనిమిదేళ్లు

చెన్నై నగరంలోని పులియాంతోపులో కాలువ గట్టున ఉన్న మా పాత ఇంటి తలుపు మీద సర్వే వాళ్లు రంగుతో అంకె వేసి వెళ్లిన నాటి నుంచి, ప్రభుత్వం కేటాయించిన, నగర శివారులోని ఈ ఐదో అంతస్తు ఇంటి తాళం అమ్మ చేతికి వచ్చేవరకు ఆరేళ్లు పట్టింది. 2017లో ఇక్కడికి వచ్చాం కాబట్టి ఇంటి మంచిచెడ్డలు ఇప్పుడు నిదానంగా చెప్పగలను.

ఇల్లు బాగానే ఉంది. 400 చదరపు అడుగులకు కాస్త లోపే అయినా విడిగా వంటగది, సొంత మరుగుదొడ్డి ఉన్నాయి; వాన పడినప్పుడల్లా సామాను మంచం మీదికి ఎక్కించే పని తప్పింది. మూడో ఏట స్నానాలగది గోడ చెమ్మపట్టి పెచ్చులూడితే మేమే బాగుచేయించుకున్నాం. లిఫ్టు ఆగిన రోజున మాత్రం అమ్మ తాగునీటి బిందెను ప్రతి మలుపులోనూ మెట్టు మీద దించి, ఊపిరి తీసుకుని, మళ్లీ చంకనెత్తుకుంటుంది.

అంతకన్నా పెద్ద కష్టం దూరం. ఆరింటికల్లా పాత పేటలో పనికి చేరాలంటే నాలుగింటికే లేవాలి. 2021 మే నుంచి ఆర్డినరీ బస్సుల్లో ఆడవారికి టికెట్ లేకపోవడం వల్లనే ఈ ఇంట్లో నిలదొక్కుకున్నామని అమ్మ అంటుంది, అది గృహ పథకం కాకపోయినా.

ఇలాంటి ఇళ్ల కోసం ఎదురుచూసేవారి వెయిటింగ్ లిస్టు తగ్గించాలనుకునే ప్రభుత్వాలకు నేల ధరే అడ్డం. 2015లో మొదలైన ప్రధానమంత్రి ఆవాస్ యోజనలో, ఏడాదికి 3 లక్షల లోపు ఆదాయమున్న వారి కోసం రాష్ట్రాలు, ప్రైవేటు సంస్థల భాగస్వామ్యంతో కట్టే ఒక్కో ఇంటికి కేంద్రం 1.5 లక్షలు ఇచ్చింది. ఊరి నడుమ కట్టినా పొలిమేరలో కట్టినా అంతే. అంతకుముందటి జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ నవీకరణ పథకం కాలంలోనే చెన్నై శివారు పెరుంబాక్కంలో ఒక్కచోట 20,000కు పైగా ఇళ్లు తలపెట్టారు. నేల చవకగా ఉన్నచోట లిస్టు త్వరగా కరుగుతుంది, నిజమే.

అయితే మా వరుసలోని ఎనిమిది ఇళ్లలో రెండింటికి ఎప్పుడూ తాళమే. ఆ ఇళ్లు దక్కినవారు పని దగ్గరే అద్దెకుంటున్నారు, కాగితాల్లో మాత్రం ఇక్కడ స్థిరపడ్డవారే. మూడో ఇంట్లో లోపాయికారీగా అద్దెకుంటున్న నెల్లూరు వైపు ఆమె, సొంత కేటాయింపు కోసం ఇచ్చిన టోకెన్ కాగితాన్ని రేషన్ కార్డులో మడిచి పెట్టుకుని, ఎప్పుడు పిలుస్తారోనని నెలకొకసారి ఆఫీసుకు వెళ్లివస్తోంది.