ఆర్‌టీఈ ఉచిత సీటుకు ఐదుకి మూడు మార్కులు

విద్యాహక్కు చట్టం (ఆర్‌టీఈ) సెక్షన్ 12(1)(సి) ప్రకారం ప్రైవేటు స్కూళ్లు ఒకటో తరగతిలో 25 శాతం సీట్లు పేద పిల్లలకు ఫీజు లేకుండా ఇవ్వాలి. నలభై మంది ఉండే సెక్షన్‌లో పది సీట్లన్నమాట. చట్టం 2010 ఏప్రిల్‌లోనే అమల్లోకి వచ్చినా, ఆంధ్రప్రదేశ్‌లో ఈ సీట్లకు కదలిక వచ్చింది 2022-23లో.

దరఖాస్తు ఆన్‌లైన్‌లో, ఎంపిక లాటరీలో. పిల్లలకు పరీక్ష, పెద్దలకు ఇంటర్వ్యూ పెట్టకూడదు. పెడితే మొదటిసారికి 25,000 దాకా జరిమానా. ఈ భాగానికి పూర్తి మార్కులు వేయొచ్చు. ఇబ్బందల్లా కాగితాలతోనే. ఆధార్‌లో ఒక పేరు, బర్త్ సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగు ఉంటే పరిశీలనలో పేచీ వస్తుంది. ఇంటికి దగ్గరున్న స్కూలుకే ప్రాధాన్యం కాబట్టి పాత అడ్రసుతోనూ అదే తంటా. ఈ రెండూ నోటిఫికేషన్ రాకముందే సరిచేయించుకోవాలి. మైనారిటీ విద్యాసంస్థలకు ఈ 25 శాతం వర్తించదు (2014 సుప్రీంకోర్టు తీర్పు), వాటి మీద ఆశ పెట్టుకోవద్దు.

మార్కులు పోయేది రసీదు దగ్గర. ట్యూషన్ ఫీజు గడిలో సున్నా ఉంటుంది. దాని కింద పుస్తకాలు, రెండు జతల యూనిఫాం, టై, బెల్టు, డిజిటల్ క్లాసు, వార్షికోత్సవం అంటూ వరుస మొదలవుతుంది. బస్సు సరేసరి. చదువుకు అడ్డుపడే ఏ ఖర్చూ పిల్లల మీద మోపకూడదని సెక్షన్ 3 అంటోంది. కానీ స్కూలు లెక్క వేరు. సర్కారు తన బడుల్లో ఒక్కో విద్యార్థికి పెట్టే ఖర్చు, ఆ స్కూలు ఫీజు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అదే ఈ సీటు కింద స్కూలుకు ఇస్తుంది. 2023లో ఏపీ ఖరారు చేసింది పట్టణాల్లో 8,000, గ్రామాల్లో 6,500, గిరిజన ప్రాంతాల్లో 5,100. పట్టణంలో ముప్ఫై వేలు ఫీజున్న స్కూలు మిగతా 22,000 ఎలా రాబడదామా అని చూస్తుంది. తప్పే, కానీ కారణం అదీ. అందుకే చేర్చే రోజే ఖర్చుల జాబితా రాతపూర్వకంగా అడగండి, కట్టిన ప్రతి రూపాయికీ రసీదు తీసుకోండి. నోటిమాట పట్టుకుని ఎంఈఓ (మండల విద్యాధికారి) దగ్గరికి వెళ్తే పని జరగదు.

ఇంకో మెలిక: సీటు ఎనిమిదో తరగతి దాకే. తొమ్మిది నుంచి మొత్తం ఫీజు మీదే. అప్పుడు చూసుకుందాంలే అనుకుంటే గురుకులాల ఐదో తరగతి ప్రవేశాలు, మోడల్ స్కూళ్ల ఆరో తరగతి ప్రవేశాలు అప్పటికే దాటిపోతాయి. అంటే ఉండాలా, మారాలా అన్నది నాలుగో తరగతిలోనే తేల్చుకోవాలి.