హావ్‌లాక్‌లో మధ్యాహ్నం మూడింటికి సముద్రం కనిపించలేదు

హోటల్ వాళ్లు పెట్టిన ఫొటోలో బాల్కనీ కిందే నీలం నీళ్లు. మేం అండమాన్‌లోని హావ్‌లాక్ దీవిలో దిగి విజయనగర్ బీచ్‌లోని రూముకి చేరేసరికి మధ్యాహ్నం మూడయింది. చూస్తే నీళ్లు లేవు. నాచు పట్టిన రాళ్లు, చచ్చిన పగడాల ముక్కలు, వాటి మధ్య పక్కకి ఒరిగిపోయిన పడవ, సముద్రం ఎక్కడో దూరంగా ఒక గీతలా. "మోసపోయామండీ" అంది మా ఆవిడ. రిసెప్షన్ కుర్రాడు నవ్వి, పొద్దున తొమ్మిదింటికి చూడండి సార్ అన్నాడు. నిజమే, మర్నాడు టిఫిన్ తిని వచ్చేసరికి నీళ్లు గోడదాకా వచ్చేశాయి.

మేం వెళ్లింది జనవరిలో, పౌర్ణమి ముందురోజు. పౌర్ణమికీ అమావాస్యకీ ఆటుపోట్లు బాగా పెద్దవిగా ఉంటాయి, పైగా ఇక్కడ ఆ రోజుల్లో మధ్యాహ్నం మూడు, నాలుగింటికి నీళ్లు వెనక్కి వెళ్లిపోతాయి. ఆ టైం రోజుకి దాదాపు 50 నిమిషాలు ఆలస్యమవుతూ పోతుంది. అందుకే అండమాన్‌లో రూము బుక్ చేసేముందు ఏసీ ఉందా, స్విమ్మింగ్ పూల్ ఉందా అని కాదు, ముందు ఆటుపోట్ల టైం చూసుకోండి. మేం సీ వ్యూ అని ఎక్కువ కట్టిన డబ్బు సగం రాళ్లని చూడటానికే సరిపోయింది.

హావ్‌లాక్‌లోనే ఉన్న రాధానగర్ బీచ్ కథ వేరు. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అని రాసింది దీని గురించే. పిండిలాంటి ఇసుక, కాళ్లకి రాళ్లు తగలవు కాబట్టి ఆటు సమయంలోనూ, అంటే నీళ్లు వెనక్కి వెళ్లినప్పుడూ, హాయిగా దిగొచ్చు. కాకపోతే జెట్టీ నుంచి పది కిలోమీటర్ల పైనే, ఆ దగ్గర్లో బసలు తక్కువ, ఉన్నవి ఖరీదు. స్కూటర్ అద్దెకి తీసుకుంటే ఆ బాధ లేదు. సూర్యాస్తమయం ఆరున్నరకి అనుకుని తీరిగ్గా బయల్దేరితే మాత్రం చీకట్లో ఇసుక చూసి రావాలి, జనవరిలో అయిదుంపావుకల్లా పొద్దు మునిగిపోతుంది. మొదటిరోజు మాకు జరిగింది అదే. పొద్దున్నే లేవగలిగితే సూర్యోదయానికి కాలాపత్థర్ బీచ్‌కి వెళ్లండి, అది తూర్పు వైపు.

నీల్ చిన్న దీవి, మాకు అదే ఎక్కువ నచ్చింది. అక్కడ సహజంగా ఏర్పడ్డ రాతి వంతెన దగ్గరికి ఆటు ఉన్నప్పుడే వెళ్లగలం, మేం నాలుగింటికి చేరాం, సరిగ్గా కుదిరింది. జారే రాళ్ల మీద చెప్పులతో నడవద్దు, పట్టున్న బూట్లుండాలి. గుంటల్లో చిక్కుకున్న నీళ్లలో సముద్ర దోసకాయ (సీ కుకుంబర్) అనే జీవి ఒకటి నల్లగా, కదలకుండా పడుంది, మా అమ్మాయి అది కుళ్లిన వంకాయ అనుకుంది. గవ్వలు ఏరుకుని ఇంటికి పట్టుకెళ్దామంటే కుదరదు, నిషేధం. తనకి నచ్చి చేతిలోకి తీసుకున్న గవ్వకి ఎలాగూ కాళ్లు మొలిచాయి, లోపల పీత ఉంది.

అన్నట్టు, 2018లో హావ్‌లాక్‌ని స్వరాజ్ ద్వీప్ అనీ నీల్‌ని షహీద్ ద్వీప్ అనీ మార్చారు, 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. టికెట్ మీద కొత్త పేరు చూసి కంగారు పడకండి. వాడుకలో పాత పేర్లే. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగువాళ్లు చాలామంది, మా ఆటో ఆయనది శ్రీకాకుళం వైపు, మన భాష వినగానే ఏ ఊరండీ అంటూ మొదలెట్టి బేరం మరిచిపోయాడు.

మాకు పెద్ద టెన్షన్ పెట్టింది ఫెర్రీ. తిరుగు ప్రయాణం రోజున గాలి ఎక్కువగా ఉందని ప్రైవేటు బోటు రద్దు చేశారు, డబ్బు తిరిగిస్తామన్నారు గానీ మా ఫ్లైట్ సంగతి వాళ్లకెందుకు? ప్రభుత్వ ఫెర్రీ కౌంటర్ దగ్గర నిలబడి నిలబడి సాయంత్రం దానికి సీట్లు సంపాదించాం, ఆ రాత్రి పోర్ట్ బ్లెయిర్‌లో పడుకోవాలని ముందే పెట్టుకున్నాం కాబట్టి బతికిపోయాం. మీరూ చివరి రాత్రి అక్కడే పెట్టుకోండి. సెల్యులార్ జైలు కూడా అప్పుడే చూసేయొచ్చు, సోమవారం మాత్రం తెరవరు. మాకు పడింది సోమవారమే.