ట్రాక్టరు ఏ దేశంలో తయారైందన్నది ఎంత ముఖ్యం? పర్లాకిమిడి పొలాల్లో రెండు బండ్ల అనుభవం

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దున ఉన్న మా పర్లాకిమిడి పరిసరాల్లో ట్రాక్టరు కొనాలనుకునే రైతు ధర అడిగిన వెంటనే ఆ బండి ఏ దేశానిదని అడుగుతాడు. విదేశీ బండి అయితే ఇనుము గట్టిదని, మన బండి అయితే మూడేళ్లకే చప్పుడు మొదలవుతుందని మా వైపు ఒక నమ్మకం బలంగా నాటుకుని ఉంది. తూర్పు ఆసియాలో తయారై ఓడలో వచ్చిన నాలుగు చక్రాల డ్రైవు ట్రాక్టరు ఒకటి, మన దేశంలోనే తయారైన రెండు చక్రాల డ్రైవు ట్రాక్టరు ఒకటి మా ఇంట్లో ఉన్నాయి. రెండింటి ఇంజను శక్తి (హెచ్‌పీ) ఇంచుమించు సమానమే. మొదటిదానితో ఏడు ఖరీఫులు, రెండోదానితో తొమ్మిది ఖరీఫులు సొంత పొలంలోనూ బాడుగకూ పని చేయించిన తరువాత ఈ సమీక్ష రాస్తున్నాను. ఒక ఇబ్బందిని కూడా చెప్పవలసి ఉన్నందున నా బండ్ల కంపెనీల పేర్లు గానీ, అమ్మినవారి పేర్లు గానీ రాయడం లేదు.

దిగుమతి బండి గురించి మంచే ముందు చెప్పాలి. బానెట్ ఎత్తి చూస్తే వైర్లన్నీ గొట్టాల్లో దూర్చి, ఎక్కడా ఇనుముకు రాసుకోకుండా క్లిప్పులతో బిగించి ఉంటాయి. పోత ఇనుము అంచులు చేతికి గీసుకోవు, గేర్లు చంటిపిల్ల చెయ్యి వేసినా పడతాయన్నంత మెత్తగా పడతాయి. మహేంద్రతనయ ఒడ్డున మా మడులు చిన్నవి, గట్లు ఎక్కువ, మలుపుకు చోటు తక్కువ. అటువంటి చోట దమ్ము పట్టేటప్పుడు, అంటే నాట్లకు ముందు నీళ్లు పెట్టి మడిని బురద చేసేటప్పుడు, ఈ బండి తేలికగా ఉండడం వల్ల బురదలో కూరుకుపోదు. ముందు చక్రాలు కూడా లాగుతాయి కనుక గట్టు దాటించడానికి మనుషులు వెనక నుంచి నెట్టవలసిన అవసరం ఇన్నేళ్లలో రెండు మూడుసార్లకు మించి రాలేదు.

అయితే నాలుగో ఏడాది ఉభాలు (వరి నాట్లు) జోరుగా సాగుతున్న రోజుల్లో ముందు ఇరుసు నుంచి నూనె కారడం మొదలైంది. నూనె దించి చూస్తే పాలు కలిపిన టీ రంగులో ఉంది, అంటే బురద నీరు లోపలికి చేరింది. పాతపట్నం మెకానిక్ చక్రం విప్పి చూపించాడు. ఎండుగడ్డి పోచలు, పాత వల ముక్కలు ఇరుసుకు చుట్టుకుని, నూనె కారకుండా ఆపే రబ్బరు ఆయిల్ సీలు పెదవిని తినేసి, సీలు కూర్చునే చోట ఇరుసు మీద గోరుకు తగిలేంత గాడి పడి ఉంది. ఇది ఏ దేశపు ట్రాక్టరుకైనా వరి మడిలో రాగల జబ్బే కనుక తయారీని తప్పు పట్టను. నన్ను బాధించినది తరువాత జరిగినది. ఆ సీలు బరంపురంలో లేదు, శ్రీకాకుళంలో లేదు, అమ్మిన దుకాణం వారు రేపు మాపు అంటూ పదకొండు రోజులు తిప్పించుకున్నారు. ఆ పదకొండు రోజులూ బండి సాలలో ఉంది, నారు ముదిరిపోయింది, పక్క ఊరి బండికి గంటల లెక్కన బాడుగ కట్టి దమ్ము పట్టించాను. చేతిలో ఇమిడే ఒక రబ్బరు వలయం అందక ఒక పంట దిగుబడి తగ్గిందంటే, ఆ బండి ఏ గొప్ప కర్మాగారం నుంచి వచ్చిందన్న మాట ఆ రోజు నాకు ఏ విధంగానూ ఊరట ఇవ్వలేదు.

ఇక రెండో బండి. దాని సొగసు అంతంతమాత్రమే. రెండో వానాకాలానికే రంగు వెలిసింది, ఒక దీపం వైరు ఎలుక కొరకకుండానే తెగింది. కానీ వడ్ల బస్తాలు నింపిన తొట్టిని కళ్లం నుంచి మిల్లుకు లాగేటప్పుడు దాని బరువే దానికి బలం. తేలికైన దిగుమతి బండికి అదే తొట్టి తగిలిస్తే ఎత్తు రోడ్డు మీద ముందు చక్రాలు లేవబోతాయి. క్లచ్ ప్లేటు ఒకసారి, నీళ్ల పంపు ఒకసారి మార్చాను, రెండూ సాయంత్రానికి దొరికాయి. గేరు పెట్టె విప్పినప్పుడు ఒక విషయం కళ్లారా చూశాను. స్వదేశీ బండి అని నేను గర్వంగా చెప్పుకునే దాని లోపలి బేరింగు అంచు మీద జపాన్ పేరు చెక్కి ఉంది.

ఒక బండికి ఒకే దేశం ఉంటుందన్న ఊహ అక్కడే పోయింది. నిజానికి మన దేశపు ట్రాక్టర్ల చరిత్రే కలగలుపు చరిత్ర. హర్యానాలోని పింజోర్‌లో ప్రభుత్వ సంస్థ హెచ్‌ఎంటీ 1971లో మొదలుపెట్టిన ట్రాక్టరు చెకోస్లొవేకియాకు చెందిన జెటార్ సహకారంతో వచ్చింది. మహీంద్రా ట్రాక్టర్ల ఆరంభం 1963లో అమెరికాకు చెందిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్ భాగస్వామ్యంతో జరిగింది. దుర్గాపూర్ పరిశోధన సంస్థ నమూనాతో 1974లో బజారుకు వచ్చిన స్వరాజ్ మాత్రం స్వదేశీ రూపకల్పన. ఈనాడు జాన్ డీర్ అమెరికా పేరు, కానీ ఇక్కడ అమ్ముడయ్యే బండ్లు పూణే దగ్గర, మధ్యప్రదేశ్‌లోని దేవాస్‌లో తయారవుతాయి, ఇతర దేశాలకు కూడా వెళతాయి. 2023లో వచ్చిన మహీంద్రా ఓజా బండ్లను జపాన్‌లోని మిత్సుబిషి మహీంద్రాతో కలిసి రూపొందించి తెలంగాణలోని జహీరాబాద్‌లో తయారు చేస్తున్నారు. వీటిలో దేనిని ఏ దేశపు బండి అనాలో పేరు చూసి తేల్చేవారికి నేను చెప్పగలిగేది లేదు.

తేడా అసలు లేదని నేను అనడం లేదు. తేడా ఉంది, అయితే అది కర్మాగారం ఎక్కడ ఉందన్నదానిలో కంటే ఆ బండిని ఏ పొలాన్ని మనసులో పెట్టుకుని గీశారన్నదానిలో ఎక్కువగా కనిపిస్తుంది. వరి మడికి గీసిన బండి తేలికగా, పొట్టిగా, బురదకు మూసి ఉంటుంది. దుక్కికీ తొట్టికీ గీసిన బండి బరువుగా, ఇంజను తక్కువ చుట్లతోనే ఎక్కువ లాగుడు ఇచ్చేటట్టు ఉంటుంది. గుణుపురం, కాశీనగర్ వైపు పత్తి మెట్టల్లో నాగలి కట్టేవారికి నా దిగుమతి బండి సరిపడదు, పర్లాకిమిడి చెరువు ఆయకట్టులో దమ్ముకు నా స్వదేశీ బండి సరిపడదు.

ఇనుము గట్టిదా కాదా అన్న సందేహానికి కూడా దేశం పేరు కంటే మేలైన ఆధారం ఉంది. మధ్యప్రదేశ్‌లోని బుద్నీలో కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్రాల పరీక్షా సంస్థ ట్రాక్టరు నమూనాలను పీటీఓ (పనిముట్లను తిప్పే వెనక ఇరుసు) శక్తి, లాగుడు, హైడ్రాలిక్ ఎత్తే బరువు, డీజిలు వినియోగం, బ్రేకులు వంటి విషయాల్లో పరీక్షించి నివేదిక ఇస్తుంది. తడి పొలంలో దమ్ము పట్టించి, ఆ తరువాత నూనె దించి బురద గానీ నీరు గానీ లోపలికి చేరిందా అని చూడడం, చివర ఇంజను విప్పి అరుగుదల కొలవడం కూడా అందులో ఉంటాయి. నేను దిగుమతి బండి కొనేముందు ఆ నివేదిక అడిగి చదివి ఉంటే, నాలుగో ఏడాది ఖరీఫు మరోలా గడిచేదేమో.

ఒడిశా ఏర్పడినప్పుడు 1936లో గీసిన సరిహద్దు మాకు ఇంకో ముడి కూడా వేసింది. బండి రిజిస్ట్రేషను ఒడిశాది, డీలరు బరంపురంలో వందకు పైగా కిలోమీటర్ల దూరంలో ఉంటాడు, మెకానిక్ మాత్రం పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం నుంచి వస్తాడు. అందువల్ల మా వైపు కొనేవారు సరిహద్దుకు రెండు పక్కలా విడిభాగాలు దొరికే బండినే తీసుకోవాలని, సీలు, ఫిల్టరు, క్లచ్ ప్లేటు అనే మూడు పేర్లు దుకాణంలో చెప్పి, అవి అరలోంచి తీసి చూపించిన తరువాతే అడ్వాన్సు ఇవ్వాలని నా గట్టి అభిప్రాయం.

దిగుమతి బండిని అమ్మేయమని ఇంట్లో అంటున్నారు. నేను అమ్మను, దమ్ముకు దానికి సాటి లేదు. ఈ జూన్‌లో పొలంలోకి దించేముందు ముందు ఇరుసు నూనె తీసి చూశాను, తేనె రంగులో తేటగా ఉంది. రెండు సీళ్లు, ఒక బేరింగు నూనె గుడ్డలో చుట్టి అటక మీద పెట్టి ఉంచాను.