లూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్ 3-9×40: వేటకి ఈ సాదా స్కోప్ సరిపోతుందా?

ముందే చెప్పేస్తా, ఇది హంగులున్న రైఫిల్ స్కోప్ (తుపాకి మీద బిగించే దుర్భిణి) కాదు. లైట్ వెలిగే క్రాస్‌హెయిర్ (గురి గీతలు) లేదు, పక్కన పారలాక్స్ (కన్ను పక్కకి జరిగితే గురి కూడా జరిగినట్టు కనిపించడం) సరిచేసే నాబ్ లేదు, పైన అంకెలు చెక్కిన పెద్ద పెద్ద టరెట్లూ (గురి సర్దే నాబ్‌లు) లేవు. ఒక అంగుళం ట్యూబు, 3 నుంచి 9 దాకా జూమ్, ముందు 40 ఎంఎం లెన్స్, లోపల డ్యూప్లెక్స్ గీతలు, అంతే. బ్యాటరీ గొడవే లేదు, బరువు 350 గ్రాములు కూడా ఉండదు. నేను దీన్ని .308 (తూటా సైజు) బోల్ట్ యాక్షన్ (ప్రతి గుండుకీ చేత్తో బోల్ట్ అనే కడ్డీ లాగే) రైఫిల్ మీద పెట్టి వాడుతున్నా, అడవి పందులు జింకలు, దాదాపు అన్నీ 200 గజాల లోపే. ఆ వాడకానికైతే ఇంతకంటే ఎక్కువ ఖర్చు పెట్టక్కర్లేదని నా అభిప్రాయం, ఎందుకో కింద రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుతుంది ఓపికుంటే చదవండి.

స్కోప్ కొనేటప్పుడు అందరి కళ్ళూ పై నంబరు మీదే ఉంటాయి, 9 ఉందా 16 ఉందా 24 ఉందా అని. వేటలో పనికొచ్చేది కింది నంబరు. దీన్ని 3 మీద పెడితే 100 గజాల దూరంలో 33 అడుగుల పైచిలుకు వెడల్పు కనిపిస్తుంది, అదే 9 కి తిప్పితే పదమూడు పద్నాలుగు అడుగులే. పొదల్లో పంది కదులుతుంటే 9 మీద పెట్టుకుని వెతకడం అంటే గొట్టంలోంచి గదంతా వెతికినట్టే, ఆకులు బ్రహ్మాండంగా కనిపిస్తాయి, పంది మాత్రం దొరకదు. అందుకే నడిచేటప్పుడు జూమ్ రింగ్ ఎప్పుడూ 3 మీదే ఉంచుతా. దూరంగా ఉన్న జంతువైతే జూమ్ తిప్పుకునే టైమ్ మనకి ఉంటుంది, పక్కనే లేచిందనుకోండి ఆ టైమ్ ఉండదు కదా.

ఇంకోటి, స్కోప్ ఉంది కదా అని దాంతోనే అడవంతా చూసే అలవాటు కొందరికి ఉంటుంది, అది మానుకోవాలి. స్కోప్‌తో చూడటం అంటే తుపాకి అటు తిప్పడమే, ఆ కదిలేది మనిషైతే? వెతకడానికి బైనాక్యులర్ వేరే పెట్టుకోండి.

ఇక చీకటి పడే వేళ సంగతి, నాకు ఈ స్కోప్ నచ్చింది ఇక్కడే. లెక్క సింపుల్, ముందు లెన్స్ సైజుని జూమ్‌తో భాగిస్తే మన కంటికి చేరే వెలుతురు వలయం ఎంత వెడల్పుందో వస్తుంది. 9 మీద 4.4 మిల్లీమీటర్లు, 6 మీద 6.7. చీకట్లో కుర్రాళ్ళ కంటిపాప 7 మిల్లీమీటర్ల దాకా తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. అంటే 6 మీద ఈ 40 ఎంఎం లెన్సే మన కన్ను తీసుకోగలిగినంత వెలుతురు ఇచ్చేస్తోంది. ఎండ పూర్తిగా పోయాక చెట్ల కింద నిలబడ్డ జింక 9 మీద వెనక నీడలో కలిసిపోయి ఉంటుంది, రింగ్ 6 కి తిప్పగానే మెడ ఎక్కడ ఆగింది, భుజం ఎక్కడ మొదలైంది, ముందు కాలు ఏది అని విడివిడిగా తెలుస్తుంది. ఇది తెలీక చాలామంది 50, 56 ఎంఎం లెన్సుల వెంట పడతారు. ఈ పాటి జూమ్‌కి వాటివల్ల పెద్ద లాభం లేదు, పైగా లెన్స్ బారెల్‌కి తగలకుండా ఎత్తు రింగులు (స్కోప్‌ని తుపాకికి పట్టి ఉంచే కడియాలు) వేయాలి, అప్పుడు చెంప స్టాక్ (తుపాకి పిడి భాగం) మీద ఆనదు, తల గాల్లో వేలాడుతుంది, గురి ఎక్కడ కుదురుతుంది.

డ్యూప్లెక్స్ అంటే అంచుల్లో లావు గీతలు, మధ్యలోకి వచ్చేసరికి సన్నం. 1962 లో ఈ కంపెనీయే తెచ్చిన డిజైన్, తర్వాత అందరూ ఏదో ఒక పేరుతో పెట్టుకున్నారు. వెలుతురు తగ్గి మధ్యలో సన్న గీత కనబడకపోయినా నాలుగు లావు గీతలు కన్నుని మధ్యకి తీసుకెళ్తాయి. పాతదే, కానీ పనిచేస్తుంది.

కంటికీ స్కోప్‌కీ మధ్య ఉండాల్సిన దూరం 3 మీద నాలుగు అంగుళాల పైనే, 9 కి వెళ్తే మూడున్నర దాటి ఉంటుంది. .308 వెనక్కి తన్నే తన్నుకి ఇది హాయిగా సరిపోతుంది. ఈ దూరం తక్కువున్న స్కోపులు గట్టి రైఫిళ్ళ మీద పెట్టుకున్నవాళ్ళని కనుబొమ్మ మీద అర్ధచంద్రం గాటు చూసి గుర్తుపట్టొచ్చు.

సరే బిగించడం దగ్గరకొద్దాం, ఎందుకంటే స్కోప్ బాలేదు అని వచ్చే కంప్లైంట్లలో సగం పైగా నిజానికి రింగులవో బేస్‌వో (రింగులు కూర్చునే పట్టీ) అని నా గట్టి నమ్మకం. మంచి స్కోప్ కొని, చేతికి దొరికిన రింగులు వేసేవాళ్ళకి దండం. రైఫిల్ ఖాళీ చేసి, బోల్ట్ తీసేసి మొదలుపెట్టండి. ముందు బేస్ స్క్రూలు, వాటికి థ్రెడ్ లాకర్ (స్క్రూలు వదులవకుండా పట్టే జిగురు) ఒక చుక్క వేసుకోవచ్చు. తర్వాత స్కోప్‌ని రింగుల్లో వదులుగా పెట్టి జూమ్ 9 కి తిప్పండి, ఎందుకంటే కంటి దూరం తక్కువుండేది అక్కడే. వేటకి వేసుకునే మందం కోటు వేసుకుని, కళ్ళు మూసుకుని రైఫిల్ భుజానికి ఎత్తి, చెంప ఆనించి కళ్ళు తెరవండి. అంచుల్లో నల్ల నీడ లేకుండా నిండు వలయం కనిపించాలి. మెడ చాపాల్సొచ్చినా వెనక్కి లాక్కోవాల్సొచ్చినా స్కోప్‌ని జరపాలి, మెడని కాదు. పడుకుని కాల్చేటప్పుడు మొహం ఇంకాస్త ముందుకి పోతుంది, అది కూడా ఒకసారి చూసుకోండి.

గీత నిటారుగా ఉందో లేదో కంటి అంచనాతో వదిలేయొద్దు. దూరంగా ఒక తాడుకి బరువు కట్టి వేలాడదీసి, రైఫిల్‌ని లెవెల్‌గా బిగించి, నిలువు గీత ఆ తాడు మీద పడుకునేదాకా స్కోప్ తిప్పండి. గీత వాలిపోయి ఉంటే దగ్గర్లో ఏమీ తెలీదు, దూరం పెరిగేకొద్దీ గుండు పక్కకి పోతుంది. రింగు స్క్రూలు ఒక్కటే ఒకేసారి బిగించకుండా అటొకటి ఇటొకటి కొంచెం కొంచెంగా, రెండు వైపులా సందు సమానంగా ఉండేలా. టార్క్ రెంచ్ (ఎంత బిగువో కొలిచే పానా) మీద 15 నుంచి 18 అంగుళం-పౌండ్లు చాలు, అయినా మీ రింగుల వాళ్ళు ఏం చెప్పారో అదే ఫైనల్. బలముంది కదా అని బిగిస్తే ట్యూబు నొక్కుకుపోయి లోపల కదలాల్సిన భాగాలు కదలవు.

కంటి వైపు ఫోకస్ కూడా ఇప్పుడే చేసేసుకోండి. ఖాళీ ఆకాశం వైపు ఒక్క క్షణం చూసి గీత స్పష్టంగా ఉందా లేదా చూసి, పక్కకి చూసి, మళ్ళీ చూడాలి. అదేపనిగా చూస్తూ కూర్చుంటే కన్నే సర్దుకుపోతుంది, సెట్టింగ్ తప్పు అని తెలీదు.

జీరోయింగ్, అంటే గురి పెట్టిన చోటే గుండు పడేలా స్కోప్ సర్దుకోవడం. బోల్ట్ తీసి రైఫిల్‌ని సంచుల మీద కదలకుండా పెట్టి బారెల్ లోంచి 25 గజాల టార్గెట్ చూడండి, అది బారెల్ మధ్యలోకి వచ్చాక రైఫిల్ కదపకుండా క్రాస్‌హెయిర్‌ని అక్కడికి తెచ్చుకుంటే మొదటి గుండు కాగితం మీద పడుతుంది. ఇక్కడ క్లిక్కుల లెక్కే అందరినీ ముంచేది. ఒక క్లిక్ పావు ఎంఓఏ (కోణం కొలత, డిగ్రీలో అరవయ్యో వంతు), అంటే 100 గజాల దగ్గర పావు అంగుళం, కానీ 25 గజాల దగ్గర అంగుళంలో పదహారో వంతే. కాబట్టి 25 గజాల దగ్గర రెండు అంగుళాలు కిందకి పడితే 32 క్లిక్కులు పైకి తిప్పాలి. ఎనిమిది తిప్పి గుండు జరగట్లేదు స్కోప్ పాడైంది అనేవాళ్ళు ఎంతమందో. దీంట్లో క్యాప్ తీసి వేళ్ళతోనే తిప్పొచ్చు, నాణెం పెట్టి తిప్పే బాధ లేదు.

100 గజాలకి వెళ్ళాక ఒక్క గుండు చూసి తిప్పకండి, మూడు కాల్చి వాటి మధ్య బిందువు చూసి తిప్పండి, బారెల్ చల్లారనివ్వండి, సంచి బారెల్ కింద కాకుండా స్టాక్ ముందు భాగం కింద ఉండాలి. నేను 200 గజాలకి జీరో పెట్టుకున్నా. 150 గ్రెయిన్ (గుండు బరువు కొలత) గుండు సెకనుకి 2,800 అడుగుల వేగంతో పోతే 100 దగ్గర దాదాపు రెండు అంగుళాలు పైన, 200 దగ్గర సరిగ్గా, 300 దగ్గర ఎనిమిది అంగుళాలు అటూ ఇటూగా కింద పడుతుంది, అంటే 200 దాటేదాకా లెక్కలేమీ వేయకుండా గురి మధ్యలో పెట్టి కాల్చేయొచ్చు. కాగితం మీద లెక్క నమ్మేసి ఊరుకోకుండా నిజంగా 200 దగ్గర కాల్చి చూసుకోవాలి. తూటా బ్రాండ్ మార్చినా, బరువు మార్చినా మళ్ళీ మొదటికే. ఇంకా ముఖ్యంగా, వేరే రోజు వెళ్ళి చల్లటి బారెల్‌తో ఒక్క గుండు కాల్చి చూడండి, వేటలో దక్కేది ఆ మొదటి గుండే.

ఇది ఎవరికి కాదు అంటే, పారలాక్స్ 150 గజాలకి ఫిక్స్ చేసి ఉంటుంది. కన్ను కాస్త పక్కకి ఉన్నా జింక భుజానికి ఆ తేడా లెక్కలోకి రాదు, కానీ .22 (చిన్న తూటా) రైఫిల్‌తో 50 గజాల్లో కుందేలు తల కొట్టేవాళ్ళకి వస్తుంది, వాళ్ళు దగ్గర దూరానికి సెట్ చేసిన రిమ్‌ఫైర్ (.22 లాంటి చిన్న తూటాల కోసం) మోడల్ చూసుకోవాలి. స్ప్రింగ్ ఎయిర్‌గన్ ముందుకీ వెనక్కీ రెండు వైపులా కుదుపుతుంది, దానికి ఎయిర్‌గన్ రేటింగ్ ఉన్న స్కోపే వేయాలి. దట్టమైన పొదల్లో ముప్పై నలభై గజాల్లో పరిగెత్తే పంది అయితే రెడ్ డాట్ (జూమ్ లేకుండా ఎర్ర చుక్క చూపే సైట్) ముందు ఇది నెమ్మదే, రెండు కళ్ళూ తెరిచి చుక్క పెట్టి కాల్చేయడమే అక్కడ. కాకపోతే ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేకపోవడం) ఉన్నవాళ్ళకి ఆ చుక్క చెదిరి తోక వచ్చినట్టు కనిపిస్తుంది, కొనేముందు సాయంత్రం పూట ఒకసారి ఎవరిదైనా తీసుకుని చూడండి.