కుందేళ్లున్న పెరట్లో పండ్ల మొక్కలు: నా ఓటు మల్బరీకే

విజయవాడ ఎండకు తట్టుకోవాలి, కుందేలు పంటికి తట్టుకోవాలి, దాని కడుపుకు పడాలి. ఈ మూడూ కుదిరే పండ్ల మొక్క ఏదంటే మల్బరీ అంటాను, ఆ తరువాత జామ. మూడో పేరు చెప్పాలంటే తడుముకోవాల్సిందే. సింగ్‌నగర్‌లో మా ఇంటి వెనుక ఉన్న కొద్దిపాటి జాగాలో కొన్నేళ్లుగా రకరకాల మొక్కలు పెంచి, జత కుందేళ్లకు రోజూ మేత వేశాక చెబుతున్న మాట ఇది.

కుందేళ్లకు రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీ ఆకులు మంచివని ఎక్కడ వెతికినా కనిపిస్తుంది. నిజమే, కానీ అవి చలిదేశాల పొదలు. ఆన్‌లైన్‌లో తెప్పించిన రాస్ప్‌బెర్రీ సంక్రాంతికి కళకళలాడింది, ఏప్రిల్‌కల్లా కట్టెపుల్ల అయింది. స్ట్రాబెర్రీదీ అదే దారి. కాకపోతే పోయేలోపు కుందేళ్లకు నాలుగు ఆకులైనా దక్కాయి. 45 డిగ్రీల ఎండ చూసే ఊళ్లో వీటి మీద డబ్బు పోయకండి.

మల్బరీకి అసలు డబ్బే అక్కర్లేదు. కడియం మొక్కల బండి మీద కొన్నది ఒక్కటే, మిగతావన్నీ దాని కొమ్మలే. మూడు నాలుగు కణుపులున్న ముదురు ముక్కను వానాకాలంలో తడిమట్టిలో గుచ్చితే బతుకుతుంది. పట్టుపురుగులకు మేపే ఆకు ఇదే. కోసేకొద్దీ చిగురించడం దీని స్వభావం. నడుము ఎత్తులో కత్తిరిస్తే చెట్టు కాకుండా పొదగా ఉంటుంది, కొత్త రెమ్మలతో పాటే కాయలూ వస్తాయి. పండ్లకోసం కొన్నా, మా ఇంట్లో దీని విలువంతా ఆకులోనే ఉంది. తెల్లవారుజామున కోసి, కడిగి, తడి ఆరకుండానే వేస్తాను. మా కుందేళ్లలో పెద్దది ఆకును ఎప్పుడూ తొడిమ వైపు నుంచే అందుకుంటుంది. చేతులు ఆన్చకుండా, కటకటమని నములుతూ, మధ్య ఈనె వెంబడి చివరిదాకా లాగేసుకుంటుంది. కత్తిరించిన రెమ్మలు పారేయను. వాటి బెరడు కొరకడం ఆగకుండా పెరిగే కుందేలు పళ్లకు మంచి పని.

అలాగని మల్బరీ ఆకే మేతగా పెట్టకూడదు. అందులో మాంసకృత్తులు ఎక్కువ. కుందేలుకు కడుపు నింపాల్సింది గడ్డి, ఎండుగడ్డి. ఆకు ఏ రోజుకైనా గుప్పెడే. పండు అయితే ఇంకా తక్కువ, కిలో బరువున్న కుందేలుకు చెంచాడు మించకూడదు, అదీ రోజూ వద్దు. కుందేలు మామూలు పెంటికలతో పాటు మెత్తని గుత్తులుగా వేసేవాటిని తిరిగి తానే తింటుంది, అది దాని జీర్ణక్రియలో భాగం. తీపి ఎక్కువైతే ఆ గుత్తులు జారుడుగా మారి వెనుక వెంట్రుకలకు అతుక్కుపోతాయి. చుట్టాల పిల్లలు ముద్దుకొద్దీ దోసెడు పండ్లు తినిపించి వెళ్లిన మర్నాడు ఆ కడుగుడు పని నాది.

జామ ఆకు కొద్దిగా ఇస్తే ఇబ్బంది లేదు, లేత కొమ్మలంటే వాటికి ప్రాణం. ప్రాణం కాబట్టే కాండం చుట్టూ ఇనుప జాలీ తప్పనిసరి. బెరడును చుట్టూ ఒలిచేశాయంటే పై చెట్టంతా ఎండిపోతుంది. వెనుక కాళ్ల మీద నిలబడి అందుకుంటాయి కాబట్టి జాలీ రెండడుగుల ఎత్తుకు తగ్గకూడదు. పల్చటి కోళ్ల జాలీ మా వాటికి లెక్కే కాదు. గట్టి వెల్డెడ్ మెష్ వేశాకే జామ నిలదొక్కుకుంది.

దానిమ్మ నాకు నచ్చలేదు. ముళ్లు, కాయతొలుచు పురుగు, అది పోవడానికి మందు కొట్టాలి, మందు కొడితే కుందేళ్లను అటు వదలలేం. పప్పులోకి వాక్కాయ ఉంటే బాగుంటుందని ఇంట్లో అడిగారు. అది గన్నేరు కుటుంబం, తుంచితే పాలు కారుతుంది, కుందేళ్లు తిరిగే చోట వద్దన్నాను. సీతాఫలం గింజలు నూరి పేలకు రాసే సంగతి తెలిసిందే, దాని ఆకు కూడా దగ్గరకు రానివ్వను. ఈమధ్య నర్సరీల్లో మోజుగా అమ్ముతున్న అవకాడో ఆకు కుందేళ్లకు విషం. మన జిల్లాల్లో కాగితం మిల్లులకోసం ఎకరాలకెకరాలు వేసే సుబాబుల్‌ది మరో తంటా. మేకలకు వేస్తున్నారు కదా అని తెచ్చి వేస్తారు. అందులోని మిమోసిన్ అనే విషపదార్థం వల్ల కుందేళ్లకు బొచ్చు ఊడిపోతుంది.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వాగు పొంగినప్పుడు మా పెరడు రోజుల తరబడి నీళ్లలోనే ఉంది. కుందేళ్లను మేడ మీదకు చేర్చాం. నీరు తీసేసరికి దానిమ్మ కుళ్లింది. జామ ఆకంతా రాల్చి, తేరుకోవడానికి చాలా కాలం తీసుకుంది. మల్బరీ మాత్రం బురద పట్టిన ఆకుల సందుల్లోంచే చిగురు తొడిగింది. మురుగు కలిసిన నీరు కాబట్టి ఆ కొమ్మలన్నీ కింది దాకా కొట్టేశాను. పూర్తిగా కొత్త ఆకు వచ్చేదాకా కుందేళ్లకు ఎండుగడ్డే.

మల్బరీకి వంకలు లేకపోలేదు. ఎండాకాలంలో పిండినల్లి పట్టి చిగుళ్లు ముడుచుకుపోతాయి. అదే పురుగు మందారకూ వస్తుంది, అందుకే రెండింటినీ పక్కపక్కన పెట్టవద్దు. పట్టిన చిగురును తుంచి తగలబెట్టడం, నీళ్ల గొట్టంతో గట్టిగా కొట్టడం తప్ప నేనేమీ వాడను. పండ్లు రాలితే గచ్చు మీద ఊదా మరకలు ఓ పట్టాన పోవు. గోరింకలు, పికిలిపిట్టలు తిన్నన్ని తినగా మిగిలినవే మనకు.

కొత్తగా కొన్న మొక్క ఏదైనా ఆకు వెంటనే కోసి పెట్టకండి. నర్సరీలో మందు గుళికలు వేస్తుంటారు. కుండీ మట్టి మార్చి, ఉన్న ఆకు దూసేసి, మళ్లీ వచ్చిన ఆకును ముదరనిచ్చి అప్పుడు వేయండి. అపార్ట్‌మెంట్ వాళ్లకు పెద్ద తొట్టెలో ఒక మల్బరీ చాలు, ఒక కుందేలుకు సరిపోతుంది. మే నెలలో మాత్రం తొట్టెకు పూటపూటా నీళ్లు పడాలి, కుందేలు మధ్యాహ్నం కూలర్ గదిలో ఉండాలి. పొద నీడ ఉంది కదా అని దాన్ని బాల్కనీలో వదలకండి. 30 డిగ్రీలు దాటగానే అది రొప్పడం మొదలుపెడుతుంది.